వంకర చిటికెన వేలు

పిడుగు జడ వేయించుకోనంది.

అన్నది కూడా గట్టిగా కాదు. గట్టిగా అని ఉంటే పిన్ని అంత కంగారు పడేది కాదు. వాళ్ళ నాన్న ఆ పిల్లకి పిడుగు అని పేరు పెట్టింది ఊరికేనా? పాలు వద్దంటే పక్కింటికి వినిపించేలా వద్దంటుంది. స్నానానికి రమ్మంటే ఇల్లంతా పరుగులు పెట్టిస్తుంది. ఏడేళ్ళకే మేడమీది ముసలాయన దగ్గర్నుంచి స్కూలు బస్సు డ్రైవరు దాకా అందరినీ వేలిమీద ఆడిస్తుంది. అటువంటి పిల్ల ఆ ఉదయం గుమ్మం దగ్గరే నిలబడి తల అడ్డంగా ఊపింది. వెనక ఉన్న జుట్టంతా ముందుకు లాక్కుని రెండు గుప్పిళ్ళతో పట్టుకుంది.

పిన్ని అప్పటికే దువ్వెనతో కిటికీ దగ్గర కూర్చుంది. ముందు ముక్కాలిపీట వేసి ఉంది.

"రావే, బస్సొచ్చే వేళయింది."

"నాన్న వేస్తాడులే," అంది పిడుగు చిన్నగా.

నాన్న సిటీ బస్సు నడుపుతాడు. ఎంత రద్దీలోనైనా బస్సుని ఎవరికీ తగలకుండా సందులోంచి తీసేయగల మనిషే గానీ, దువ్వెన పట్టుకునేసరికి ఆ చేతులకి దారి తెలియలేదు. ఆయన వేసిందాన్ని జడ అనడం కంటే మోపు కట్టాడనడం న్యాయం. స్కూలుకి వెళ్ళేలోపే రిబ్బను ఊడి భుజంమీద పడింది. పిడుగు అలాగే వెళ్ళింది, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా.

"అలకలే. రేపటికి మర్చిపోతుంది," అన్నాడాయన చెప్పులేసుకుంటూ.

"అలక కాదండీ. అలకైతే మూతి ముడుచుకుంటుంది. ఇది వేరేలా ఉంది."

"నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తావు."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ నిజంగానే ఎక్కువ ఆలోచిస్తుంది. కానీ ఆ జుట్టు సంగతి ఆయనకి తెలియదు. నాన్నని పెళ్ళి చేసుకుని ఆవిడ ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో పిడుగు ఆవిడ చేతి ముద్ద ముట్టలేదు, పక్కన పడుకోలేదు, పిన్ని అని పిలవనూ లేదు. ఒకరోజు తనంతట తనే దువ్వెన తెచ్చి ఒళ్ళో పడేసి, వీపు తిప్పి కూర్చుంది. ఆ పిల్ల తనకి ముందుగా ఇచ్చింది ఆ జుట్టునే. తరవాతే మిగతావన్నీ వచ్చాయి. ఇప్పుడు అదే వెనక్కి తీసుకుందంటే, ఒకదాని వెంట ఒకటి అన్నీ పోతాయేమోనని ఆవిడ భయం.

దువ్వెన కిటికీలో పెట్టి ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళింది. పిన్ని పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. కాగితం తడిపి, చెక్కమీద పరిచి, అంచులకి టేపు అంటించి, అది ఆరేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం ఆ పనిలో సగం. ఆ సగమే ఆవిడకి ఎక్కువ ఇష్టం. తడి కాగితంమీద నీలం చుక్క వదిలితే అది తన ఇష్టం వచ్చినంత దూరం వెళ్ళి, అలసిపోయినచోట ఆగుతుంది. అది ఎక్కడ ఆగుతుందో చూస్తూ ఆవిడ ఎక్కడికో వెళ్ళిపోతుంది. పొయ్యిమీద పాలు పొంగిపోయేదీ, తలుపు కొట్టి కొట్టి జనం వెళ్ళిపోయేదీ ఆ సమయాల్లోనే.

ఇప్పుడు వేస్తున్న పుస్తకం పేరు 'మా ఇంట్లో ఎవరు?' మాటలు కూడా ఈసారి తనే రాసుకుంది. ఒక్కో పేజీలో ఒక్కో పిల్ల తన ఇంటి తలుపు తీసి మనల్ని లోపలికి రమ్మంటుంది. ఒక ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, బల్బు మార్చడానికి స్టూలెక్కి. ఒక ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ ఒకే కళ్ళద్దాల కోసం పొద్దస్తమానం పోట్లాడుకుంటారు. ఒక ఇంట్లో నాన్న చక్రాల కుర్చీలో కూర్చుని బట్టలు ఇస్త్రీ చేస్తాడు. ఇంకో ఇంట్లో మనుషులు ఎక్కువ, మంచాలు తక్కువ. చివరి పేజీలో కిటికీ దగ్గర ముక్కాలిపీట, దానిమీద వీపు తిప్పి కూర్చున్న పిల్ల, వెనక జడ అల్లుతున్న మనిషి, గోడమీద ఒక ఫోటో. కింద రెండే వాక్యాలు: 'మా ఇంట్లో నాన్న, పిన్ని, నేను. అమ్మ ఫోటోలో ఉంది.'

మధ్యాహ్నం ఎడిటరుగారు ఫోన్ చేశారు.

"బొమ్మలు బంగారం అమ్మా, వంక పెట్టడానికి లేదు. కానీ ఒక్క మాట. ఆ ఆఖరి పేజీలో పిన్ని తీసేసి అమ్మ అనేద్దాం. గోడమీద ఫోటో చెరిపేస్తే సరిపోతుంది."

"ఎందుకండీ?"

"సవతి తల్లి అంటే పిల్లలు జడుసుకుంటారమ్మా. కథల్లో ఆవిడ ఏం చేస్తుందో వాళ్ళకి తెలియదా? ఇంకో సంగతి. మీ పుస్తకాల్లో ఊరంతా ఎడమచేతివాటమే! ఈసారైనా ఒకరిద్దరికి కుడిచెయ్యి ప్రసాదించండి తల్లీ." ఆయన పెద్దగా నవ్వారు. "శనివారం పొద్దున్న నేనే వచ్చి పట్టుకెళతాను."

ఆ ఎడమచేతి సంగతి నిజమే. మనిషిని వేయడంలో చెయ్యి కష్టం. ముఖం కాస్త అటూ ఇటూ అయినా చెల్లిపోతుంది గానీ, చెయ్యి తేడా వస్తే అరటిపళ్ళ హస్తంలా కనిపిస్తుంది. అందుకని ఆవిడ కుడిచేత్తో పెన్సిలు పట్టుకుని, ఖాళీగా ఉన్న ఎడమచేతిని ఎదురుగా పెట్టుకుని, దాన్ని చూస్తూ వేస్తుంది. ధ్యాస కుదిరాక ఏది చూస్తే అది కాగితంమీదికి వెళ్ళిపోతుంది. తాతైనా, డాక్టరైనా, పడవ నడిపే ఆవిడైనా అందరూ ఎడమచేత్తోనే పనులు చేసేది అందుకే.

*

మర్నాడు కూడా మోపు జడే. సాయంత్రం పాలగ్లాసు అందిస్తుంటే పిన్ని గమనించింది. పిడుగు తన ముఖం చూడటం లేదు. చేతిని చూస్తోంది. గ్లాసు పట్టుకున్న ఎడమచేతిని, పామేమో అన్నట్టు, కళ్ళు తిప్పకుండా చూసి, "అక్కడ పెట్టు, తాగుతాలే," అంది. గ్లాసు బల్లమీద పెట్టి పిన్ని పక్కకి తప్పుకున్నాకే వచ్చి తీసుకుంది.

కడుగుదామని సంచీలోంచి టిఫిను డబ్బా తీస్తుంటే దానితోపాటు ఒక పుస్తకం జారి కిందపడింది. క్లాసులో అలమరాలోది. అట్ట మూలలు అరిగిపోయి, వెన్నుకి ఎవరో తెల్ల టేపు వేశారు. అట్ట చూడగానే పిన్ని గుర్తుపట్టింది. ఆ అట్టమీది చెట్టు తను వేసిందే. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, ఎవరు ఏది వేయమంటే అది వేసిన రోజుల్లో వేసింది. అందులో ఏ బొమ్మలున్నాయో కూడా గుర్తులేదు.

పుస్తకం తనంతట తనే ఒకచోట తెరుచుకుంది. చాలా మంది తెరిచిన చోటు. అక్కడ కాగితం వేళ్ళ మురికితో నల్లబడింది.

కథలోని సవతి తల్లి: ఆకుపచ్చ ముఖం, కొండంత కొప్పు, కొరకబోతున్నట్టు పళ్ళు. కింద నేలమీద ఒక చిన్నపిల్ల, నోరు తెరిచి ఏడుస్తోంది. ఆ పిల్ల జడని గుప్పిట్లో బిగించి వెనక్కి లాగుతున్న చెయ్యి. ఎడమచెయ్యి. నాలుగు వేళ్ళూ మూసుకుని ఉన్నాయి. చిటికెన వేలు మాత్రం మధ్య కణుపు దగ్గర పక్కకి వంగి, మిగతావాటితో కలవకుండా బయటికి వచ్చి ఉంది.

పిన్ని తన చేతివంక చూసుకుంది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగిన చిటికెన వేలు ఇప్పటికీ అలాగే పక్కకి తిరిగి ఉంది. ముఖం ఊహించి వేసింది. చెయ్యి మాత్రం చూసి వేసింది. తన వేలితో తన కంట్లోనే పొడుచుకోవడమంటే ఇదే కాబోలు.

తలెత్తేసరికి పిడుగు ఎదురుగా నిలబడి ఉంది. మూతికి పాల మీసం.

"అందుకేనా జడ వద్దన్నావు?" అంది పిన్ని.

"ఆ చెయ్యి నీదే కదా పిన్నీ?"

కాదనడం ఎంత తేలిక! ఒక్క మాటతో పోయేది. పిన్ని నోటిదాకా వచ్చింది కూడా.

"నాదే," అంది.

"మరి ఆ పిల్ల ఎవరు?"

"ఏ పిల్ల?"

"నువ్వు జుట్టు పట్టుకుని లాగిన పిల్ల. మా ఇంటికి రాకముందు నీ దగ్గరున్న పిల్ల." పిడుగు జడని ముందుకి లాక్కుంది. "ఇప్పుడెక్కడుంది?"

ఎన్ని రోజుల్నుంచి ఈ బుర్ర ఆ పిల్ల కోసం ఒంటరిగా వెతుకుతోందో! పిన్ని నేలమీద కూలబడి పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పిల్ల ఎక్కడా లేదమ్మా. ఉత్త కాగితం. ఇదిగో, ఇలా వేశాను." దండెంమీంచి తువ్వాలు లాగి, తాడులా మెలిపెట్టి ఎడమచేత్తో పట్టుకుంది. "ఇది పట్టుకుని, చూస్తూ వేశాను. జడ కాదే, తువ్వాలు."

పిడుగు తువ్వాలు వంక చూసింది, బొమ్మ వంక చూసింది.

"మరి ఏడుస్తోందిగా," అంది.

తరవాత తలుపు దగ్గరికి వెళ్ళి, అక్కడి నుంచి ఇంకో మాట చెప్పింది. "మా క్లాసులో అందరూ అడుగుతున్నారు. మీ ఇంట్లో కూడా సవతి తల్లే కదా, నిన్నూ ఇలాగే లాగుతుందా అని."

*

ఆ మర్నాడు వాన. తెల్లారేసరికి వీధి వీధంతా కాలవైపోయింది, స్కూలు లేదన్నారు. నాన్న మాత్రం గొణుక్కుంటూ గొడుగేసుకుని డ్యూటీకి వెళ్ళాడు. ఇంట్లో ఇద్దరే మిగిలారు, వాన చప్పుడు, మసక వెలుతురు. పగలా సాయంత్రమా తెలియకుండా ఉంది.

పిన్ని నిచ్చెన వేసుకుని అటకమీది అట్టపెట్టె దింపింది. దుమ్ము దులిపి, లోపలున్న పుస్తకాలు హాల్లో పరిచింది. తను బొమ్మలు వేసినవన్నీ. రా అని పిలవలేదు. చూడమనీ అనలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, వేయడానికేమీ లేకపోయినా కాగితం తడుపుతూ కూర్చుంది.

కాసేపటికి హాల్లో అడుగుల చప్పుడు. తరవాత కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తరవాత ఒక కేక, అసలు సిసలు పిడుగు కేక:

"పిన్నీ! ఎలుగుబంటికి కూడా నీ వేలే!"

వెళ్ళి చూస్తే నిజమే. ఎలుగుబంటి పిల్లకి తేనె తినిపిస్తోంది. బొచ్చు చెయ్యే గానీ, చెంచా పట్టుకున్న తీరులో చిటికెన వేలు పక్కకి తప్పుకుని ఉంది. పిన్నికి ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు. ఆవిడ నవ్వబోయి, నవ్వితే పిల్ల ఏమనుకుంటుందోనని ఆపుకుంది. పిడుగే ముందు పక్కున నవ్వింది.

ఇంక పట్టపగ్గాల్లేవు. పిడుగు బోర్లా పడుకుని వేలు వేటలో పడింది. పడవమీంచి తాడు విసురుతున్న ఆవిడది, నాడి చూస్తున్న డాక్టరుది, మనవడి చొక్కాకి బొత్తాం కుడుతున్న తాతది. చందమామకి చేతులేమిటి అనకండి, ఒక పుస్తకంలో ఉన్నాయి. కిటికీలోంచి వంగి, ఎవరూ లేని గదిలో నిద్రపోతున్న పిల్లకి దుప్పటి కప్పుతున్న తెల్లటి చెయ్యి. దానికీ అదే వేలు.

"ఇక్కడ కూడా నువ్వేనా?"

"నేనే కాబోలు."

"ఎందుకెళ్ళావు అక్కడికి?"

"ఆ పిల్లకి చలేస్తోంది కదా."

పిడుగు ఒప్పుకున్నట్టు తలూపి పేజీ తిప్పింది. పిన్నికి ఆ గదులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక్కత్తే అద్దెగదిలో ఉంటూ, అన్నం వండుకోవడానికి బద్ధకించి, అర్ధాకలితో వేసిన బొమ్మలు ఇవి. తనకంటూ ఏ ఇల్లూ లేని రోజుల్లో తన చెయ్యి మాత్రం ఇంటింటికీ తిరిగి తినిపించింది, బొత్తాలు కుట్టింది, దుప్పట్లు కప్పింది. వాన హోరులో ఆవిడకి ఆ ఇళ్ళన్నీ ఈ హాల్లోనే ఉన్నట్టు, ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి పిడుగు తనని చెయ్యిపట్టి తిప్పుతున్నట్టు అనిపించింది. ఆ క్షణంలో ఆవిడ చాలా సంతోషంగా ఉంది. తెలియకుండానే కళ్ళు తడిశాయి.

ఆఖరికి పిడుగు స్కూలు పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి, మిగతావాటి మధ్యలో పెట్టింది.

"మరి దీంట్లో మాత్రం ఎందుకు లాగావు?"

"కథలో అలా రాసి ఉందే. సవతి తల్లులంటే అలాగే ఉంటారు కాబోలు అని నేనూ వేసేశాను. నాకేం తెలుసు?"

"ఇప్పుడు తెలుసా?"

"ఇప్పుడిప్పుడే తెలుస్తోంది."

పిడుగు లేచింది. పుస్తకాలన్నీ వరసగా పేర్చి, స్కూలు పుస్తకాన్ని సంచీలో పెట్టుకుంది. కానీ తెల్లారి శుక్రవారం పొద్దున్న మళ్ళీ దువ్వెన తీసుకుని వాళ్ళ నాన్న దగ్గరికే వెళ్ళింది.

*

అది చూశాక, ఆ ఆఖరి పేజీ మార్చనన్న పట్టుదల పిన్నికి సడలిపోయింది. ఎడిటరుగారు అన్నదే నిజమేమో అనుకుంది. భయపెట్టిన చేతినే మళ్ళీ జడమీద పెట్టి, ఇదిగో పిన్ని, చూడండర్రా అనడం ఏం న్యాయం? ఒక పిల్ల జడుసుకున్నది చాలదా?

పిల్ల స్కూలుకి వెళ్ళగానే కొత్త కాగితం తడిపి చెక్కమీద అతికించింది. గదిలోంచి అద్దం తెచ్చి ఎదురుగా నిలబెట్టుకుంది. అద్దంలో చూసుకుంటే ఎడమచెయ్యి కుడిచెయ్యిగా కనబడుతుంది. చిటికెన వేలిని పక్కవేలితో కలిపి టేపు చుట్టింది. నొప్పి పుట్టింది, అయినా వేలు తిన్నగా నిలబడింది. తువ్వాలు మెలిపెట్టి పట్టుకుని వేసింది. ముఖం కోసం గోడమీది పిడుగు వాళ్ళ అమ్మ ఫోటో దించి పక్కన పెట్టుకుంది. ఫోటోలో ఆవిడది చక్కని ముఖం, బుగ్గన సొట్ట. ఆ సొట్ట పిడుక్కీ ఉంది. బొమ్మలో గోడ ఖాళీగా వదిలేసింది. అమ్మే ఇంట్లో ఉన్నప్పుడు ఫోటో ఎందుకు? 'పిన్ని' అన్న మాటకి బదులు 'అమ్మ' అని రాసింది.

చెయ్యి తిరిగిన పనే, ఎక్కడా తప్పు లేదు. రంగు ఆరుతుంటే ఆవిడ వేలికి చుట్టిన టేపు విప్పుకుంది. తనని తానే తడిగుడ్డతో తుడిచేసుకున్నట్టుంది. ఏడుపు వచ్చింది. ఏడ్చింది. తరవాత ముఖం కడుక్కుని ఫోటోని మళ్ళీ గోడకి తగిలించి, వంకర లేకుండా సరిచేసింది.

*

శనివారం ఎడిటరుగారు వచ్చేసరికి ఇల్లు ఇల్లులా లేదు. స్కూల్లో బొమ్మల పోటీ, పిడుగు తొందరగా వెళ్ళాలి. నాన్న హాల్లో కింద కూర్చుని ఒక పక్క జడ కట్టి, రెండో పక్కతో కుస్తీ పడుతున్నాడు.

"అబ్బ నాన్నా! లాగుతున్నావు!"

"కదలకు మరి! నువ్వు కదిలితే నా రూటు తప్పుతోంది."

ఎడిటరుగారు నవ్వుకుంటూ టీ అందుకుని, కొత్త పేజీని కిటికీ వెలుతురుకి పట్టుకున్నారు.

"ఇదీ బొమ్మంటే! కుడిచెయ్యి, చక్కని తల్లి. చూశారా అమ్మా, చిన్న మార్పుతో ఎంత నిండుగా వచ్చిందో!"

పిన్ని తల దించుకుని కుంచెలు సర్దింది. పిడుగు మాత్రం నాన్న చేతిలోంచి జారి, ఒక పక్క జడ, ఒక పక్క విరబోసిన జుట్టుతో వచ్చి ఆయన మోచేతి కిందనుంచి తొంగిచూసింది.

"ఇదెవరు?"

"అమ్మ," అన్నారాయన.

"ఎవరింట్లో?"

"ఈ పిల్ల ఇంట్లో."

"ఈ పిల్ల నేనే కదా. ఆ గౌను నాది, ఆ పీట మాది." పిడుగు గోడమీదికి చూసింది, మళ్ళీ బొమ్మలోకి చూసింది. "మా అమ్మ ఫోటోలో ఉంటుంది. ఫోటో ఏది? పిన్ని ఏది?"

పిడుగు బొమ్మలోని చేతిమీదికి వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా చూసింది.

"పిన్నీ, వేలెందుకు తిన్నగా వేశావు?"

"నువ్వు భయపడ్డావు కదే," అంది పిన్ని. "అందుకని సరిచేశాను."

"అయ్యో! భయం అప్పుడు కదా!" పిడుగు నడుంమీద చెయ్యి పెట్టుకుంది. "నిన్న పుస్తకం తిరిగిచ్చేటప్పుడు నేను క్లాసులో అందరికీ చెప్పేశాను."

"ఏమని?"

"ఆ చెయ్యి మా పిన్నిదే, దాంట్లో ఆవిడకి చెడ్డ వేషం ఇచ్చారు, పాపం వేసింది, మిగతా పుస్తకాల్లో అన్నీ మంచి వేషాలే అని. ఎలుగుబంటి వేషం కూడా వేసిందంటే ఎవరూ నమ్మలేదు. నమ్మకపోతే ఏ పుస్తకంలోనైనా వేలు చూసుకోండి, వంకరగా ఉంటే మా పిన్నే అన్నాను. టీచరు కూడా వెతికింది." ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. "ఇప్పుడు మన ఇంటి బొమ్మలోనే నువ్వు తిన్నగా వేసేస్తే, నేను వాళ్ళకి ఏం చూపించాలి?"

పిన్ని తన ఎడమచేతిని ఇంకో చేత్తో కప్పుకుని అలాగే నిలబడిపోయింది. ఎడిటరుగారు టీగ్లాసు కిటికీలో పెట్టారు. చేతిలోని బొమ్మని మరోసారి చూసి, మెల్లిగా బల్లమీద బోర్లించారు.

"మొదట వేసిన పేజీ ఉందా అమ్మా?"

"ఉందండీ. కానీ దాంట్లో ఎడమచెయ్యి..."

"ఉండనివ్వండి. ఊరంతా ఎడమచేతివాటమైతే మనకొచ్చిన నష్టమేమిటి?" ఆయన పిడుగు వైపు తిరిగారు. "ఏం తల్లీ, ఫోటో కూడా ఉండాలా?"

"ఉండాలి. మరి అమ్మ ఎక్కడుంటుంది?"

బయట బస్సు హారన్ మోగింది. నాన్న దువ్వెన పట్టుకుని లేచి, "రావే, రెండో పక్క ఇంకా మిగిలే ఉంది!" అన్నాడు. పిడుగు వెళ్ళి ఆయన చేతిలోంచి దువ్వెన లాక్కుంది. ముక్కాలిపీటని కాలితో కిటికీ దగ్గరికి నెట్టింది. పిన్నిని దాని వెనక కూర్చోబెట్టి, దువ్వెన ఒళ్ళో పడేసి, వీపు తిప్పి కూర్చుంది.

నాన్న కట్టిన మోపు కూడా పిన్ని విప్పేసింది. జుట్టు రెండు పాయలు చేసి, ఒకదాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. పట్టు ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ జారుతుందో ఆవిడకే తెలియడం లేదు. హారన్ మళ్ళీ మోగింది.

"మెల్లిగా, పిన్నీ," అంది పిడుగు వెనక్కి తిరక్కుండానే. "ఇది తువ్వాలు కాదు."